నూనె లేని పంపు

అరెస్టు కాగితంలో ఒక గడి ఉంటుంది, ఎవరికి కబురు చెయ్యాలి అని. ల్యాబ్ అసిస్టెంటు ఆ గడి ముందు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుందట. చివరికి నా ఫోన్ నంబరు రాసింది. సాయం అడగడానికి నా దగ్గరికి వచ్చిన ఆవిడకీ నాకూ పరిచయమై అప్పటికి ఒక్క రోజు.

ఆ సంగతి నాకు ఇన్‌స్పెక్టరే ఫోన్ చేసి చెప్పాడు. "నీకు కొత్త చుట్టరికం కలిసింది బావా. ఐదింటికి ఆవిణ్ణి తీసుకెళ్తున్నాం. నువ్వు చూసేదేమైనా ఉంటే ఈలోపు వచ్చి చూసుకో."

అరెస్టు ఇంకా కాలేదు, కాగితాలు మాత్రం అయిపోయాయి. బిడ్డ పుట్టకముందే కుల్లాయి కుట్టించే రకం మావాడు. అతను మా ఆవిడ తమ్ముడు. ఆవిడ ఉన్నంతకాలం ఆదివారాలు మా ఇంట్లోనే తినేవాడు, నా డిటెక్టివ్ పరిశోధనల మీద జోకులు వేసేవాడు, ఆవిడ మా ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టేది. ఆవిడ పోయాక ఆదివారాలు నా ఒక్కడికే మిగిలాయి. ఇప్పుడు మేమిద్దరం కలవాలంటే ఎవరో ఒకరు చావాలి.

ఈసారి చనిపోయింది పెద్దాయన. ఆయనా, ఆయన తమ్ముడు చిన్నాయనా కలిసి ఒక చిన్న ల్యాబ్ నడిపేవారు. మొక్కల వేళ్ళలోంచి సారం తీసి మందుల కంపెనీలకి పంపడం వాళ్ళ పని. ఇద్దరూ పెళ్ళి మాట ఎత్తకుండానే ముసలివాళ్ళయ్యారు. వాళ్ళు కాక ల్యాబ్‌లో ఉన్నది ఆ అసిస్టెంటు ఒక్కతే. మూడు రోజుల కిందట మధ్యాహ్నం భోజనం చేసి పెద్దాయన రోజూలాగే తన గదిలో కుర్చీలో కునుకు తీశాడు. మళ్ళీ లేవలేదు. పక్కన బల్ల మీద వాక్యూమ్ పంపు నడుస్తూనే ఉంది.

ఆ పంపు చేసే పని కష్టమైనదేం కాదు. గాజు ఫ్లాస్కులో ఉన్న ద్రావకాన్ని ఆవిరిగా ఒక గొట్టంలోంచి లాగుతుంది, ఇంకో గొట్టంలోంచి ఫ్యూమ్ హుడ్‌లోకి, అంటే విషపు గాలిని బయటికి తోసేసే గాజు అలమరలోకి, ఊదేస్తుంది. ఆ ఊదే గొట్టం ఊడిపోయి ఉంది. ఆవిరంతా గదిలోకే వచ్చింది. అది తియ్యటి వాసన వేసే ద్రావకం. ముందు మత్తెక్కిస్తుంది, తర్వాత ఊపిరి ఆపేస్తుంది. అప్పటికే నిద్రలో ఉన్న మనిషికి రెండూ తెలియవు.

గొట్టాలు బిగించే పని అసిస్టెంటుది కాబట్టి చావు ఆవిడ ఖాతాలో పడింది. మా బావమరిది లెక్క అంతే.

నేను వెళ్ళేసరికి ఆవిడ వరండాలో స్టూలు మీద కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా లెమ్మంటే లేవడానికి సిద్ధంగా. పక్కన లేడీ కానిస్టేబుల్ ఫోన్ చూసుకుంటోంది. నా నంబరే ఎందుకు రాశారని అడిగాను.

"ఇంకెవరూ గుర్తు రాలేదు సార్. తప్పయితే కొట్టేస్తాను."

ఉండనివ్వండి అన్నాను. నేనైతే ఆ గడిలో ఎవరి నంబరు రాస్తానా అని ఆలోచన వచ్చింది. దాన్ని అక్కడే ఆపేసి పనిలో పడ్డాను.

ఆవిడ చెప్పింది సూటిగానే ఉంది. భోజనాలయ్యాక ఫ్లాస్కు ఎక్కించింది, గొట్టాన్ని పంపు ముక్కు మీదికి చివరిదాకా తోసి స్ప్రింగు క్లిప్పు పెట్టింది, పంపు వేసింది. పెద్దాయన కుర్చీలో వాలాక, గది తలుపు బార్లా తెరిచే ఉంచి, వెనక కొట్టులో వేళ్ళు తూకం వెయ్యడానికి వెళ్ళింది. ఆయనకి మూసిన తలుపంటే పడదు. తిరిగొచ్చేసరికి తలుపు వేసి ఉంది. తలుపు అద్దంలోంచి చూస్తే ఆయన ఇంకా నిద్రలోనే ఉన్నట్టు కనిపించాడు. నిద్ర చెడగొట్టడం ఎందుకని బయటే కూర్చుంది.

"తలుపు మీరు వెయ్యలేదు. మరెవరు వేశారు?"

"నాకు తెలీదు సార్."

"చిన్నాయన వేశారేమో."

"ఆయన ఆ గదిలోకి రారు సార్. ఆ పంపు వచ్చిన రోజు నుంచి రారు."

గొడవంతా ఆ పంపుతోనే మొదలైంది. అంతకుముందు ల్యాబ్‌లో నూనె పంపు ఉండేది. దాని నూనె మార్చడం, బెల్టు బిగించడం, కారితే తుడవడం అంతా చిన్నాయన చేతి మీదుగా ముప్ఫై ఏళ్ళు నడిచింది. ఏడాది కిందట పెద్దాయన నూనె లేని కొత్త పంపు కొన్నాడు. తమ్ముడితో ఒక్క మాట అనలేదు. పంపుతో పాటు తననీ మూలకి నెట్టేశాడనుకున్నాడు చిన్నాయన. పాత పంపుని తన గదిలోకి ఈడ్చుకుపోయాడు, ఆ రోజు నుంచి అన్నతో మాట మానేశాడు. అన్న కూడా తక్కువ తినలేదు. ఇద్దరి గదులకీ మధ్య ఉన్నది చెక్క గోడ. మధ్యలో పోస్టుమాన్ ఉద్యోగం అసిస్టెంటుకి పడింది.

"మా అన్నయ్యతో చెప్పమ్మా అని ఈయన అంటారు. అవతల ఆయనకి వినబడుతూనే ఉంటుంది. అయినా నేను వెళ్ళి చెప్పాలి సార్. అప్పుడే విన్నట్టు లెక్క."

చిన్నాయన గదికి వెళ్ళాను. పాత పంపు మూలన ఒక ఎత్తుపీట మీద ఉంది, తుడిచి తుడిచి నల్లగా మెరుస్తోంది. ఆయన నాకు టీ ఇచ్చాడు. ఇచ్చే ముందు బల్ల మీద ఒక గుడ్డ ముక్క వేశాడు, అంచులు లోపలికి పెట్టి నాలుగు మడతలు. దాని మీద గ్లాసు పెట్టాడు. కెటిల్ కింద అలాంటి గుడ్డే ఉంది. పంపు కింద కూడా ఉంది. మీ పంపు నడవడం లేదు కదా, గుడ్డ దేనికని అడిగాను.

"నూనె పంపు నడవకపోయినా కారుతుందండి. గుడ్డ వేస్తే బల్లకి అంటదు, చప్పుడూ తగ్గుతుంది. నా చేతికి అలవాటైపోయింది."

ఆ రోజు మధ్యాహ్నం ఏం చేశారంటే, ఈ గదిలోనే ఉన్నానన్నాడు. అన్నగారి గదిలోకి వెళ్ళారా అంటే, ఆ మిషన్ వచ్చాక ఆ గడప తొక్కలేదన్నాడు. తడుముకోకుండా అన్నాడు, కొంచెం గర్వంగా కూడా అన్నాడు. అసిస్టెంటు గురించి అడిగితే మంచి మనిషేనని ఒప్పుకున్నాడు. "చెయ్యి జారుంటుంది" అని, కిటికీ వైపు తిరిగాడు. ఆయన కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏడుస్తున్నప్పుడు పక్కనెవరూ లేని మనిషి మొహం నేను గుర్తుపట్టగలను. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు చూస్తాను.

మూడున్నరకి మా బావమరిది సీలు విప్పి పెద్దాయన గది తెరిచాడు. కుర్చీ, దాని వెనక వేలాడుతున్న స్వెట్టరు, నల్లరాతి బల్ల, బల్ల మీద పంపు. కొత్త పంపు కుదిమట్టంగా ఉంది, అరచేతులు రెండూ పక్కపక్కన పెట్టినంత వెడల్పు. లోపల రబ్బరు పొర ఒకటి కిందకీ మీదకీ కదులుతూ గాలిని లాగి ఊదుతుందట. దాన్నే డయాఫ్రమ్ అంటారు. చుక్క నూనె అక్కర్లేదు. కింద నాలుగు రబ్బరు కాళ్ళు.

ఊడిన గొట్టాన్ని తీసి చూశాను. క్లిప్పు ఇంకా దాని మీదే ఉంది, చివరికి జారి పళ్ళు బిగించుకుని. గొట్టం లోపల వేలు పెడితే, పంపు ముక్కు మీది గాట్లు నొక్కుకున్న గుర్తులు చివరిదాకా తగిలాయి.

"చూడు. గొట్టం పూర్తిగా లోపలికే తోసింది. క్లిప్పు ఎవరూ విప్పలేదు. ఇది వదులై ఊడింది కాదు, ఎవరో లాగితే ఊడింది."

"ఎవరు లాగుతారు బావా? కుర్చీలో ఉన్నాయన నిద్రలో లాక్కున్నాడా? ఉత్తినే ఆవిణ్ణి వెనకేసుకురాకు. తలుపు తీసే ఉంచానంది, చూస్తే మూసి ఉంది. ఒక అబద్ధం చెప్పిన మనిషి రెండోది చెప్పదా?"

"తలుపు వేరేవాళ్ళు వేసుండొచ్చు కదా."

"ఇంకో మనిషి ఆ గదిలోకి రాడని మీ ఆవిడే చెప్తోంది." మీ ఆవిడ అనేశాక నాలిక్కరుచుకున్నాడు. "అదే, మీ క్లయింటు."

ఇద్దరం కాసేపు పంపు వైపు చూశాం. అతని అక్క ఉంటే ఈపాటికి ఇద్దరినీ కూర్చోబెట్టి ఏదో ఒకటి తినమనేది. ఎద్దు ఈనిందంటే కొట్టాన కట్టెయ్యమనే రకానివిరా నువ్వు అని అతన్ని అనేది. ఆ మాట నేనంటే బాగుండదని మింగేశాను.

అప్పుడు కనిపించింది. పంపుకీ గోడకీ మధ్య బల్ల మీద, సన్నటి దుమ్ములో నాలుగు గుండ్రటి శుభ్రమైన మచ్చలు. అవి రబ్బరు కాళ్ళు ఏడాది పాటు కదలకుండా నిలబడ్డ చోటు. పంపు ఇప్పుడు అక్కడ లేదు. జానెడు ఇవతలికి, బల్ల అంచు వైపు వచ్చి ఉంది. వంగి చూస్తే దాని కింద గుడ్డ ఉంది. మా బావమరిది మనుషులు తీసిన ఫోటోల్లోనూ ఉంది. మిషన్ కింద గుడ్డ ఉంటే ఎవరికి మాత్రం వింతగా ఉంటుంది? అంచులు లోపలికి పెట్టి, నాలుగు మడతలు.

ఇందాక తాగిన టీ నోట్లో చేదుగా అనిపించింది.

మా బావమరిదికి పంపు నడిపి చూపిస్తానన్నాను. ఫ్లాస్కులో ద్రావకం బదులు మామూలు నీళ్ళు పోయించాను. అసిస్టెంటుని పిలిచి, ఆ రోజు ఎలా బిగించారో అలాగే బిగించమన్నాను. ఆవిడ గొట్టం చివరిదాకా తోసి క్లిప్పు పెట్టింది. నీ చేత్తో లాగి చూడమంటే మా బావమరిది లాగి చూశాడు. ఊడలేదు. స్విచ్చు ఎక్కడుందో నాకు దొరకలేదు. అది అడుగున గోడవైపు ఉందని ఆవిడే చెప్పింది.

ముందు గుడ్డ తీసేసి, పంపుని పాత మచ్చల మీద పెట్టి నడిపాం. దడదడమని చప్పుడు చేసింది గానీ కాళ్ళు రాతిని పట్టుకునే ఉన్నాయి. వెంట్రుకవాసి కదల్లేదు. మా బావమరిది గడియారం చూసుకున్నాడు.

తర్వాత గుడ్డ వేసి నడిపాం. చప్పుడు సగానికి సగం తగ్గింది. ఆ చప్పుడుకి కాబోలు చిన్నాయన తన గదిలోంచి వచ్చి గుమ్మం అవతల నిలబడ్డాడు, లోపలికి రాలేదు. కాసేపు ఏమీ జరగలేదు. గుడ్డ నున్నటి రాతి మీద జారుతోంది. పంపు వణుకుతూ, తప్పటడుగులు వేసే పిల్లాడిలా, గోడ దగ్గర్నుంచి ఇవతలికి వస్తోంది. లాగే వైపు గొట్టం మందంగా, పొడుగ్గా, వాక్యూమ్‌కి మరింత బిగుసుకుని దాంతో పాటే వచ్చింది. ఊదే వైపుది పొట్టిది, రెండో కొస హుడ్‌కి కదలకుండా బిగించి ఉంది. అది ముందు నిటారుగా సాగింది, తర్వాత ప్రతి వణుకుకీ కొంచెం కొంచెం జారింది, క్లిప్పుతో సహా. కాసేపటికి టప్పుమని ఊడి బల్ల మీద పడింది.

అసిస్టెంటు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సరే" అన్నాడు మా బావమరిది. కానిస్టేబుల్ ఎదురుగా ఉంది కాబట్టి మర్యాద గొంతు తెచ్చుకున్నాడు. "పంపే లాక్కుంది, ఒప్పుకున్నాం. ఆ గుడ్డ వేసిందెవరండీ? రోజూ దాన్ని ముట్టుకునేది ఈవిడే. అంటే తప్పు గొట్టం బిగించడంలో కాదు, గుడ్డ వెయ్యడంలో. మనిషి మారలేదు కదా?"

"ఆవిడ వెయ్యదు. ఆవిడ నూనె పంపు మీద పని చెయ్యలేదు. నూనె కారని పంపు కింద గుడ్డ వెయ్యాలని ఆవిడకి ఎందుకు తోస్తుంది?"

"తోయదని కోర్టులో ఎవరు చెప్తారు, మీరా?"

అతనన్నది నిజం. గుడ్డ ఎవరు వేశారో నాకు తెలుసు, కానీ తెలియడం వేరు, రుజువు వేరు. గుడ్డ ముక్కలు ల్యాబ్‌లో ఎవరి చేతికైనా అందుతాయి. ఆవిణ్ణి బయటపడెయ్యాలంటే గుమ్మం అవతల ఉన్న మనిషి నోరు విప్పాలి. ఆ మనిషికి ఏం జరిగిందో ఇప్పుడే, మా అందరితో పాటే, తెలిసింది. ఇంతసేపూ ఆయన దాచింది హత్య కాదు. తానే ముందు మెట్టు దిగానన్న సంగతి దాచుకున్నాడు, అంతే. నేను పేరు పెట్టి అడగొచ్చు. అడిగితే ఆ ముసలాయన మిగిలిన బతుకులోకి నా చేత్తో ఆ గొట్టం పెట్టినట్టే. ఐదు కావస్తోంది. అసిస్టెంటు నావైపు చూడట్లేదు. తన చెప్పుల వైపు చూసుకుంటోంది, లెమ్మంటే లేవడానికి అలవాటుపడ్డ మనిషిలాగే.

అడగక తప్పదని గొంతు సవరించుకున్నాను. అడగాల్సిన అవసరం రాలేదు.

చిన్నాయన గడప దాటి లోపలికి వచ్చాడు. పంపు ఇంకా నడుస్తోంది. ఆయన చెయ్యి, చూడకుండానే, వెతక్కుండానే, అడుగున గోడవైపు ఉన్న స్విచ్చు మీదికి వెళ్ళింది. పంపు ఆగింది.

"గుడ్డ నేనే వేశాను" అన్నాడు.

మా బావమరిది ఆయన వైపు తిరిగాడు. "ఈ గదిలోకే రాలేదన్నారు కదండీ?"

"అన్నాను."

తర్వాత మెల్లగా, పంపుతో చెబుతున్నట్టు చెప్పాడు. చాలా రోజులుగా వస్తూనే ఉన్నాడట, అన్న నిద్రపోయే వేళ చూసుకుని. కాసేపు నిలబడి, మిషన్‌ని తడిమి, మనిషిని చూసి వెళ్ళిపోయేవాడట. ఆ రోజు చప్పుడు మరీ ఎక్కువగా ఉంది. నిద్రలో పెద్దాయన నుదురు చిట్లించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు అన్న కునుకు తీసేటప్పుడు పంపు కింద గుడ్డ వేసింది ఈయనే. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. పంపుని ఒక పక్కకి కాస్త ఎత్తి గుడ్డ దోపాడు. చప్పుడు తగ్గింది, అన్న నుదురు సర్దుకుంది. అది చూసి వెళ్ళిపోయాడు.

"వరండాలో చప్పుడుకి అన్నయ్య నిద్ర చెడకూడదని తలుపు కూడా నేనే వేశాను."

మా బావమరిది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో ఇన్‌స్పెక్టర్ లేడు. "గుడ్డ వేశానని ఆయన్ని ఒక్కసారి లేపి చెప్పాల్సింది కదండీ. ఆయన తీసేసేవారు."

"లేపుదామనే భుజం దాకా చెయ్యి తీసుకెళ్ళాను" అన్నాడు చిన్నాయన. "లేపితే నేనే ముందు మాట్లాడినట్టవుతుందని ఊరుకున్నాను."

మా బావమరిది జేబులోంచి కాగితం తీశాడు. నా నంబరు ఉన్న కాగితమే. దాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టి, జీపు పంపించెయ్యమని కానిస్టేబుల్‌తో చెప్పాడు. నావైపు చూసి ఏదో అడగబోయాడు, ఆదివారం ఏం చేస్తున్నావనో ఏమో. అడగలేదు. నేనూ అడగలేదు. చిన్నాయన కథ అంత దగ్గర్నుంచి విన్నాక కూడా.

అసిస్టెంటు గదిలోని ఒక స్టూలు మీద కూలబడి, శబ్దం రాకుండా ఏడుస్తోంది. తాను బయటపడ్డందుకో, ఎందుకో, ఆవిడకే తెలియాలి. చిన్నాయన పంపు కింది గుడ్డ తీశాడు. దులిపి, అంచులు లోపలికి పెట్టి మడిచాడు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని నిలబడి, ఆవిడ వైపు తిరిగాడు.

"మా అన్నయ్యతో చెప్పమ్మా" అన్నాడు, ఏడాదిగా రోజూ అనే గొంతుతోనే. తర్వాతి మాట రాలేదు.

"అలాగే సార్" అంది ఆవిడ, అలవాటు కొద్దీ. లేచి నిలబడింది గానీ, ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే ఉండిపోయింది.